పైథాన్‌లో ఘాతాలు లెక్కించడం: రెండు నక్షత్రాల నుంచి మాడ్యులర్ పవర్ దాకా

2కి 10వ ఘాతం కావాలంటే పైథాన్‌లో 2 ** 10 అని కొడితే చాలు, 1024 వచ్చేస్తుంది. పని అక్కడితో అయిపోయిందనుకుని చాలామంది ముందుకెళ్లిపోతారు. తర్వాత ఎప్పుడో మైనస్ గుర్తు పెట్టినచోట జవాబు తిరగబడుతుంది, ఘనమూలం తీస్తే 4కి బదులు 3.9999999999999996 వస్తుంది, పెద్ద పూర్ణాంకంలో చివరి అంకెలు తప్పుగా ఉంటాయి. పోటీ ప్రోగ్రామింగ్‌లో అయితే ప్రోగ్రామ్ టైమ్ లిమిట్ దాటిపోతుంది, ఎందుకో అర్థం కాదు. వీటన్నిటి వెనకా దాదాపు ఒకటే కారణం ఉంటుంది: మనకి ఎలాంటి జవాబు కావాలో ముందే తేల్చుకోకపోవడం. అంకె తప్పకుండా ఉండే పూర్ణాంకమా, కాస్త అటూ ఇటూగా ఉన్నా ఫర్వాలేని దశాంశ సంఖ్యా, లేక భాగిస్తే మిగిలే శేషం మాత్రమేనా? ఈ ప్రశ్నకి జవాబు తెలిస్తే ఏ పద్ధతి వాడాలో దానంతటదే తెలిసిపోతుంది. అందుకే ఈ గైడ్ అంతా ఆ ప్రశ్న చుట్టూనే నడుస్తుంది.

ఒక చిన్న సర్దుబాటు చెప్పాలి. ఫంక్షన్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే వాడాలి. ఉదాహరణకి పౌ అంటే పి, ఓ, డబ్ల్యూ మూడు అక్షరాలు. వేరియబుల్ పేర్లకి మాత్రం ఆ గొడవ లేదు, పైథాన్ 3 తెలుగు పేర్లని నేరుగా ఒప్పుకుంటుంది కాబట్టి కింద కనిపించే ఫలితం, ఘాతం లాంటివి ఉన్నవి ఉన్నట్టే కొట్టొచ్చు.

1. షెల్ తెరిచి మొదటి లెక్కలు చేయండి

పైథాన్ షెల్ తెరిచి వీటిని ఒక్కొక్కటే కొట్టి చూడండి. చదివి వదిలేస్తే గుర్తుండవు.

2 ** 10 → 1024
5 ** 0 → 1
10 ** -2 → 0.01
4 ** 0.5 → 2.0
0 ** 0 → 1

ఎడమవైపు ఉన్నది బేస్, కుడివైపు ఉన్నది ఘాతాంకం. రెండు నక్షత్రాల మధ్య ఖాళీ ఉండకూడదు, * * అని విడదీస్తే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. 0 ** 0 ఎందుకు 1 అయిందని గణితం చదివినవాళ్లు అడుగుతారు. బహుపదుల్లో, లెక్కింపు సూత్రాల్లో అది 1 అయితేనే ఫార్ములాలు చెడకుండా ఉంటాయి, అందుకే ఎక్కువ భాషలు అదే విలువ పెట్టుకున్నాయి. 0 ** -1 మాత్రం జీరో డివిజన్ ఎర్రర్ ఇస్తుంది, ఎందుకంటే అది 1ని సున్నాతో భాగించడమే.

ఉన్న వేరియబుల్‌నే ఘాతానికి పెంచాలంటే పొట్టి దారి ఉంది:

సంఖ్య = 7
సంఖ్య **= 2

ఇప్పుడు సంఖ్యలో 49 ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడ తరచూ ఒక ఎర్రర్‌లో ఇరుక్కుంటారు. ఇన్‌పుట్ ఫంక్షన్‌తో యూజర్ దగ్గర తీసుకున్నది సంఖ్య కాదు, స్ట్రింగ్, అంటే అక్షరాల వరస. '5' ** 2 అంటే టైప్ ఎర్రర్ వస్తుంది, ముందు ఇంట్ (పూర్ణాంకం) గానో ఫ్లోట్ (దశాంశ సంఖ్య) గానో మార్చుకోవాలి. లిస్టుకి కూడా అంతే, [1, 2, 3] ** 2 పనిచేయదు, ఒక్కొక్క అంశాన్నీ లూప్‌లో తిప్పి పెంచాలి.

2. ^ గుర్తుని మర్చిపోండి

కాలిక్యులేటర్లూ స్ప్రెడ్‌షీట్లూ అలవాటైన చేతికి ^ కొట్టడం సహజం. పైథాన్‌లో కొట్టినా ఎర్రర్ రాదు, అసలు ప్రమాదం అదే. తప్పు జవాబు నిశ్శబ్దంగా వస్తుంది.

10 ^ 2 → 8
5 ^ 2 → 7
2 ^ 3 → 1

ఈ గుర్తు చేసే పని వేరే, అది బిట్ల మీద జరిగే ఎక్స్ఓఆర్. 10ని బైనరీలో 1010 అని, 2ని 0010 అని రాసి పక్కపక్కన పెట్టుకుంటే, ఏ స్థానంలో రెండు బిట్లూ వేరుగా ఉన్నాయో అక్కడ 1, ఒకేలా ఉన్నచోట 0 వేస్తుంది. 1000 వచ్చింది, అంటే 8. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందంటే, 1957లో వచ్చిన ఫోర్ట్రాన్ ఘాతానికి రెండు నక్షత్రాలు వాడింది. తర్వాత ఆల్గాల్ పై బాణం గుర్తు ఎంచుకుంది, కొన్ని భాషల్లో ^ ఆ బాణానికి బదులుగా స్థిరపడింది. సీ భాష మాత్రం ఘాతానికి ఆపరేటరే పెట్టుకోకుండా ^ని ఎక్స్ఓఆర్‌కి ఇచ్చేసింది. పైథాన్ ఎక్స్ఓఆర్ విషయంలో సీని అనుసరించింది, ఘాతం విషయంలో ఫోర్ట్రాన్ దారి పట్టింది. మీ కోడ్‌లో ఎక్కడైనా లెక్క విచిత్రంగా ఉంటే ముందు ^ కోసం వెతకండి.

3. బ్రాకెట్లు: ఎక్కడ తప్పనిసరి

మూడు చోట్ల జవాబు మీరు ఊహించినట్టు రాదు.

మొదటిది మైనస్. -3 ** 2 కొడితే -9 వస్తుంది, 9 కాదు. రెండు నక్షత్రాలకి ఎడమవైపున్న మైనస్ కంటే బలం ఎక్కువ కాబట్టి పైథాన్ ముందు 3 వర్గం చేసి, ఆ తర్వాత మైనస్ పెడుతుంది. మనం నోట్‌బుక్‌లో రాసే గణితంలోనూ ఇదే పద్ధతి, కాబట్టి పైథాన్‌ని తప్పుపట్టలేం. (-3) ** 2 అని రాస్తే 9 వస్తుంది. తికమక ఎక్కడంటే, వేరియబుల్‌లో -3 పెట్టి వర్గం చేస్తే 9 వస్తుంది:

సంఖ్య = -3
సంఖ్య ** 2 → 9

ఎందుకంటే అక్కడ మైనస్ ఇప్పటికే విలువలో భాగం అయిపోయింది, గుర్తుగా బయట లేదు. నేరుగా సంఖ్యలు రాసి టెస్ట్ చేసి, తర్వాత వేరియబుల్స్ పెట్టుకుంటే రెండు జవాబులు వేరుగా ఉండేది ఇందుకే. ఘాతాంకం వైపున్న మైనస్‌కి ఈ సమస్య లేదు, 2 ** -1 బ్రాకెట్ లేకుండానే 0.5 ఇస్తుంది.

రెండోది వరస ఘాతాలు. 2 ** 3 ** 2 అంటే 512. పైథాన్ కుడివైపు నుంచి మొదలుపెడుతుంది, ముందు 3 వర్గం 9, తర్వాత 2కి 9వ ఘాతం. ఎడమ నుంచి కావాలంటే (2 ** 3) ** 2 అని రాయాలి, అప్పుడు 64. కుడి నుంచి చేయడంలో అర్థం ఉంది, ఎడమ నుంచి కావాలంటే 2 ** 6 అని గుణించి రాసుకోవచ్చు కదా.

మూడోది భిన్న ఘాతాంకం. 27 ** 1/3 అని రాసి ఘనమూలం వస్తుందని ఎదురుచూస్తే 9.0 వస్తుంది. ముందు 27 ** 1 అయిపోయి, దాన్ని 3తో భాగించింది. 27 ** (1/3) అని రాయాలి. నా సలహా అడిగితే, ఘాతం పక్కన ఒక్క సంఖ్య కంటే ఎక్కువ ఏది ఉన్నా, నియమం తెలిసినా సరే, బ్రాకెట్ పెట్టేయండి. కోడ్ చదివే తర్వాతి మనిషికి ఆపరేటర్ల బలాబలాలు గుర్తుచేసుకునే శ్రమ తప్పుతుంది.

4. తిరిగి వచ్చేది ఏ రకం సంఖ్య?

ఈ విభాగం దగ్గర కాస్త నెమ్మదిగా వెళ్లండి, మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది.

పైథాన్‌లో రెండు పూర్ణాంకాలు ఇచ్చి, ఘాతాంకం సున్నా గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే జవాబు పూర్ణాంకమే, ఎంత పెద్దదైనా ఒక్క అంకె కూడా పోదు. 2 ** 100 కొట్టి చూడండి, 1267650600228229401496703205376 అని మొత్తం కనిపిస్తుంది. 64 బిట్లు దాటాయి, 128 దాటాయి అన్న బాధ లేదు, మెమరీ ఉన్నంతవరకు పెరుగుతూ పోతుంది.

ఘాతాంకం రుణాత్మకం అయినా, బేస్ లేదా ఘాతాంకంలో ఒక్కటి ఫ్లోట్ అయినా, జవాబు ఫ్లోట్. ఫ్లోట్‌లో విలువని పట్టుకోవడానికి 53 బిట్లే ఉంటాయి, అంటే సుమారు 15 నుంచి 17 దశాంశ అంకెలు. అంతకు మించినది గుండ్రం అయిపోతుంది. 2 ** 3కి 8 వస్తే, 2.0 ** 3కి 8.0 వస్తుంది. చూడ్డానికి చిన్న తేడా, కానీ సంఖ్య పెద్దదయ్యేకొద్దీ ఇదే పెద్ద తేడా అవుతుంది.

ఇక్కడే మ్యాథ్ మాడ్యూల్‌లోని పౌ గురించి చెప్పాలి. పైథాన్‌లో పౌ అనే పేరుతో రెండు వేర్వేరు ఫంక్షన్లున్నాయి. ఒకటి ఏ ఇంపోర్టూ లేకుండా దొరికే బిల్ట్-ఇన్ పౌ, అది రెండు నక్షత్రాలు చేసే పనే చేస్తుంది. రెండోది మ్యాథ్.పౌ, అది మీరు ఏమిచ్చినా ముందు ఫ్లోట్‌గా మార్చేసి ఫ్లోట్‌లోనే లెక్క కడుతుంది. తేడా చూడండి:

3 ** 40 → 12157665459056928801
మ్యాథ్.పౌ(3, 40) → దాదాపు అదే, కానీ ఇంట్‌గా మారిస్తే 12157665459056928768

చివర్లో 33 మాయమైంది. ఆ స్థాయిలో ఫ్లోట్లు ఒకదానికీ ఇంకోదానికీ 2048 తేడాతో ఉంటాయి, మధ్యలోని పూర్ణాంకాలకి అక్కడ చోటు లేదు. మీరు కట్టేది రేఖాగణిత లెక్కో, గ్రాఫ్ గీయడమో అయితే ఈ 33 ఎవరికీ పట్టదు. కానీ ఆ సంఖ్య బేసా సరా, 7తో భాగిస్తే ఎంత మిగులుతుంది అని అడిగితే జవాబు పూర్తిగా చెడిపోతుంది. పూర్ణాంకాల లెక్కల్లో మ్యాథ్.పౌ అసలు వాడకండి. ఇంకో జాగ్రత్త ఉంది. మ్యాథ్ మాడ్యూల్ నుంచి అన్నిటినీ నక్షత్రంతో ఒకేసారి ఇంపోర్ట్ చేసుకుంటే, మ్యాథ్.పౌ వచ్చి బిల్ట్-ఇన్ పౌని కప్పేస్తుంది. పేరు మారదు, ఎర్రర్ రాదు, జవాబులు మాత్రం ఫ్లోట్లయిపోతాయి.

ఫ్లోట్‌కి పైన ఒక హద్దు, కింద ఒక హద్దు ఉన్నాయి. పై హద్దు సుమారు 1.8 గుణకారం 10కి 308వ ఘాతం. 10 ** 400 హాయిగా వస్తుంది, కానీ 10.0 ** 400 ఓవర్‌ఫ్లో ఎర్రర్ ఇస్తుంది. కింది హద్దు దగ్గర పరిస్థితి ఇంకా గమ్మత్తుగా ఉంటుంది, 10.0 ** -400 ఏ హెచ్చరికా లేకుండా 0.0 ఇచ్చేస్తుంది. చాలా చిన్న సంభావ్యతలని ఒకదానితో ఒకటి గుణిస్తూ పోయే ప్రోగ్రాముల్లో ఈ సున్నా ఎక్కడ పుట్టిందో వెతకడం పెద్ద టెన్షన్. అలాంటి చోట ఘాతాలు తీయకుండా లాగరిథమ్‌లతోనే లెక్క నడిపి, చివర్లో ఒక్కసారి మార్చుకోవడం మంచిది.

5. మూలాలు తీయడం

వర్గమూలానికి ** 0.5 పనిచేస్తుంది, మ్యాథ్ మాడ్యూల్‌లోని స్క్వేర్ రూట్ ఫంక్షన్ కూడా పనిచేస్తుంది. మామూలు లెక్కలకి ఏదైనా ఒకటే. కానీ ఘనమూలం దగ్గరికొస్తే:

27 ** (1/3) → 3.0
64 ** (1/3) → 3.9999999999999996

1/3ని బైనరీలో పూర్తిగా రాయలేం, రాసిన విలువ అసలు మూడో వంతుకంటే రవ్వంత తక్కువ. 27 దగ్గర అదృష్టవశాత్తూ గుండ్రమై 3.0 అయింది, 64 దగ్గర కాలేదు. దీన్ని ఇంట్‌లో వేస్తే 3 అయిపోతుంది, ఎందుకంటే ఇంట్ దశాంశ భాగాన్ని కోసేస్తుందే తప్ప గుండ్రం చేయదు. పైథాన్ 3.11 నుంచి మ్యాథ్ మాడ్యూల్‌లో ఘనమూలానికి విడిగా ఫంక్షన్ వచ్చింది, పేరు సి బి ఆర్ టి అని నాలుగు అక్షరాలు. పాత వెర్షన్ అయితే రౌండ్ ఫంక్షన్‌తో దగ్గరి పూర్ణాంకానికి తెచ్చుకుని, దాన్ని తిరిగి ఘనం చేసి సరిచూడాలి:

మూలం = 4
మూలం ** 3 == 64

ఈ రెండో వాక్యం నిజం అయితేనే 64 ఖచ్చితమైన ఘనం. ఈ సరిచూసే అడుగు మాత్రం ఎప్పుడూ వదలొద్దు.

రుణ సంఖ్య ఘనమూలం ఇంకో మలుపు. -8 ఘనమూలం -2 అని మనకి తెలుసు, కానీ (-8) ** (1/3) కొడితే పైథాన్ సంకీర్ణ సంఖ్య ఇస్తుంది, వాస్తవ భాగం 1కి దగ్గరగా, ఊహాత్మక భాగం 1.732కి దగ్గరగా. అది తప్పు కాదు, -8కి మూడు ఘనమూలాలున్నాయి, అందులో పైథాన్ ఎంచుకున్నది వేరేది. మ్యాథ్.పౌ అయితే వాల్యూ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. పైన చెప్పిన కొత్త ఘనమూలం ఫంక్షన్ రుణ సంఖ్యలకి కూడా సరిగ్గా -2 వైపే వెళ్తుంది.

పెద్ద పూర్ణాంకాల వర్గమూలానికి పైథాన్ 3.8లో వచ్చిన ఐ ఎస్ క్యు ఆర్ టి ఫంక్షన్ వాడండి. అది పూర్ణాంకాలతోనే పనిచేసి, కిందికి గుండ్రం చేసిన ఖచ్చితమైన మూలం ఇస్తుంది. ఎందుకు కావాలో ఈ ఒక్క ఉదాహరణ చాలు: 18014398509481983 అనేది 2 ** 54 కంటే ఒకటి తక్కువ. దీనికి మామూలు స్క్వేర్ రూట్ 134217728.0 ఇస్తుంది, కానీ 134217728 వర్గం మన సంఖ్యని దాటిపోతుంది. సరైన జవాబు 134217727, అది ఐ ఎస్ క్యు ఆర్ టి ఇస్తుంది. ప్రధాన సంఖ్యల పరీక్షలో వర్గమూలం దాకా వెతికే లూప్ రాస్తున్నప్పుడు ఇది బాగా ఉపయోగం. (10 ** 400) ** 0.5 లాంటిది అయితే ఫ్లోట్‌లోకి మారనే మారదు, ఓవర్‌ఫ్లో ఎర్రర్ వస్తుంది, అక్కడ కూడా ఇదే దిక్కు.

6. దశాంశం అచ్చంగా ఉండాలంటే

1.1 ** 2 కొడితే 1.2100000000000002 వస్తుంది. 1.1ని బైనరీలో అచ్చంగా రాయలేకపోవడమే కారణం, ఘాతం ఆ చిన్న తేడాని పెంచి చూపిస్తుంది. వడ్డీ లెక్కల్లాంటి చోట డెసిమల్ మాడ్యూల్ వాడండి, అందులో డెసిమల్('1.1') ** 2 అంటే 1.21 వస్తుంది. కోట్స్ పెట్టడం ముఖ్యం, కోట్స్ లేకుండా ఇస్తే ఫ్లోట్‌లో ఉన్న తేడా కూడా లోపలికి వచ్చేస్తుంది. డెసిమల్ కూడా అనంతంగా అంకెలు దాచుకోదు, డీఫాల్ట్‌గా 28 అంకెల దాకా ఉంచుతుంది, కావాలంటే పెంచుకోవచ్చు. భిన్నాలు కావాలంటే ఫ్రాక్షన్స్ మాడ్యూల్ ఉంది, 2/3ని ఘనం చేస్తే 8/27 అని భిన్నంగానే ఉంటుంది.

7. ఇంత వేగంగా ఎలా చేస్తుంది?

3కి 13వ ఘాతం అంటే 3ని పన్నెండు సార్లు గుణించాలి అనిపిస్తుంది. నిజానికి అవసరం లేదు. వర్గం చేస్తూ పోతే 3, 9, 81, 6561 అని మూడు గుణకారాల్లోనే 8వ ఘాతం దాకా వెళ్లిపోతాం. 13 అంటే 8 + 4 + 1 కాబట్టి, 6561ని 81తో, ఆ వచ్చినదాన్ని 3తో గుణిస్తే పని పూర్తి. ఘాతాంకాన్ని బైనరీలో రాసుకోవడమే ఇందులో కిటుకు. ఈ ఆలోచన కంప్యూటర్ల కంటే చాలా పాతది, 2 ఘాతాలని ఇలా సగం చేస్తూ, వర్గం చేస్తూ కట్టే పద్ధతి పింగళుడి ఛందస్సు సూత్రాల్లోనే ఉంది.

దీన్ని మీరే ఒకసారి రాయాలి. లైబ్రరీలో ఉన్నదాన్ని మళ్లీ రాయడం దండగ అనుకోకండి, ఈ ఒక్క అల్గారిథమ్ అర్థమైతే తర్వాత మాట్రిక్స్ ఘాతాలు, ఫిబొనాచ్చి సంఖ్యల్ని వేగంగా కట్టడం లాంటివన్నీ తేలికవుతాయి. మూడు వేరియబుల్స్‌తో మొదలుపెట్టండి:

ఫలితం = 1
బేస్ = 3
ఘాతం = 13

ఇప్పుడు ఘాతం సున్నా కంటే ఎక్కువ ఉన్నంతసేపు తిరిగే వైల్ లూప్ పెట్టండి. లూప్ లోపల మూడు పనులు. ఘాతం బేసి సంఖ్య అయితే, అంటే ఘాతం % 2 విలువ (2తో భాగిస్తే మిగిలే శేషం) 1 అయితే మాత్రమే మొదటి లైను నడవాలి, మిగతా రెండూ ప్రతిసారీ నడవాలి:

ఫలితం = ఫలితం * బేస్
బేస్ = బేస్ * బేస్
ఘాతం = ఘాతం // 2

ప్రతి చుట్టు తర్వాత విలువలు ఇలా ఉంటాయి:

మొదటి చుట్టు: ఫలితం 3, బేస్ 9, ఘాతం 6
రెండో చుట్టు: ఫలితం 3, బేస్ 81, ఘాతం 3
మూడో చుట్టు: ఫలితం 243, బేస్ 6561, ఘాతం 1
నాలుగో చుట్టు: ఫలితం 1594323, ఘాతం 0

అక్కడ లూప్ ఆగుతుంది, 3 ** 13తో పోల్చి చూసుకోండి. చివరి చుట్టులో బేస్ అనవసరంగా ఇంకోసారి వర్గం అయింది, పెద్ద సంఖ్యల దగ్గర ఆ ఒక్క గుణకారం ఖరీదైనదే, కావాలంటే ఘాతం 1కి చేరగానే లూప్ నుంచి బయటపడేలా రాసుకోవచ్చు. ఘాతాంకం 1000000 అయితే నేరుగా గుణిస్తే 999999 గుణకారాలు కావాలి, ఈ పద్ధతిలో 40 లోపే సరిపోతాయి, ఎందుకంటే 1000000ని బైనరీలో రాస్తే 20 బిట్లే. రెండు తప్పులు ఎక్కువమంది చేస్తారు: // (భాగించి దశాంశ భాగం వదిలేసే గుర్తు) బదులు / రాయడం, దాంతో ఘాతం ఫ్లోట్ అయిపోయి బేసి పరీక్ష పనిచేయదు. బేస్‌ని వర్గం చేసే లైను, ఫలితం లైను కంటే ముందు పెట్టడం, దాంతో జవాబు వర్గం అయి కూర్చుంటుంది.

8. శేషం మాత్రమే కావాలంటే: మూడో ఆర్గ్యుమెంట్

పోటీ ప్రోగ్రామింగ్‌లో జవాబుని 1000000007తో భాగించి శేషం ఇవ్వమని తరచూ అడుగుతారు. అప్పుడు (బేస్ ** ఘాతం) % 1000000007 అని రాయొద్దు. జవాబు సరైనదే వస్తుంది, కానీ పైథాన్ ముందు లక్షల అంకెల సంఖ్యని మొత్తం కట్టి, ఆ తర్వాత దాన్ని పారేసి శేషం ఉంచుతుంది. ఘాతాంకం కోట్లలో ఉంటే ప్రోగ్రామ్ ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. బిల్ట్-ఇన్ పౌకి మూడో విలువ ఇవ్వండి:

పౌ(3, 13, 7) → 3
పౌ(3, 200, 13) → 9

ఇది చేసేది పైన మనం రాసిన లూప్ లాంటి పనే, ప్రతి గుణకారం తర్వాత శేషం తీసుకుంటూ పోతుంది కాబట్టి సంఖ్య ఎప్పుడూ చిన్నగానే ఉంటుంది. మీ లూప్‌లోనూ ఇదే మార్పు చేసి చూడండి, రెండు గుణకారాల లైన్ల చివరా % 7 చేర్చండి. ఫలితం 3, 3, 5, 3 అని మారుతూ పోతుంది, బేస్ 2, 4, 2 అని తిరుగుతుంది. పెద్ద సంఖ్య పుట్టనే పుట్టలేదు. రెండో ఉదాహరణని చేత్తోనే సరిచూడొచ్చు: 3 ఘనం 27, దాన్ని 13తో భాగిస్తే 1 మిగులుతుంది, 200ని 3తో భాగిస్తే 2 మిగులుతుంది, కాబట్టి జవాబు 3 వర్గం, 9.

పైథాన్ 3.8 నుంచి ఇందులో రుణ ఘాతాంకం కూడా ఇవ్వొచ్చు. పౌ(3, -1, 7) అంటే 5, ఎందుకంటే 3 గుణకారం 5 పదిహేను, దాన్ని 7తో భాగిస్తే 1 మిగులుతుంది. దీన్ని మాడ్యులర్ విలోమం అంటారు, శేషాల లోకంలో భాగహారం చేయాలంటే ఇదే సాధనం. బేస్‌కీ మాడ్యులస్‌కీ (మూడో విలువకీ) 1 కాకుండా ఇంకో ఉమ్మడి భాజకం ఉంటే విలోమం ఉండదు, వాల్యూ ఎర్రర్ వస్తుంది. 1000000007 ప్రధాన సంఖ్య కావడం వల్లే అంత వాడుకలో ఉంది, దాని గుణిజాలు తప్ప మిగతా అన్నిటికీ విలోమం దొరుకుతుంది. పాత పైథాన్‌లో ఉన్నారా, ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం ఘాతాంకంగా 1000000005 ఇస్తే అదే విలోమం వస్తుంది.

ఈ మాడ్యులర్ ఘాతమే ఇంటర్నెట్ భద్రతలో కీలకం. 1976లో ప్రచురించిన డిఫీ-హెల్మన్ అనే రహస్య కీ పంచుకునే పద్ధతి, 1977లో వచ్చిన ఆర్ఎస్ఏ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి రెండూ దీని మీదే నడుస్తాయి. ఆర్ఎస్ఏలో ఎక్కువగా వాడే పబ్లిక్ ఘాతాంకం 65537, అంటే 2 ** 16 + 1. బైనరీలో రెండే రెండు 1లు ఉన్నాయి కాబట్టి వర్గాలు చేయడం తప్ప అదనపు గుణకారం ఒక్కటే పడుతుంది. నేర్చుకోవడానికి పౌతో ఆర్ఎస్ఏ రాసి చూడండి, చాలా బాగుంటుంది. కానీ నిజమైన రహస్యాలకి అది వాడకండి, పైథాన్ పూర్ణాంకాల లెక్కకి పట్టే సమయం విలువల్ని బట్టి మారుతుంది, ఆ సమయాన్ని కొలిచి కీ గురించి ఊహించే దాడులున్నాయి. పరీక్షించిన క్రిప్టోగ్రఫీ లైబ్రరీలే వాడాలి.

9. మరీ పెద్ద సంఖ్యలు

10 ** 5000 లెక్కించడం క్షణం పని, ప్రింట్ చేయబోతే మాత్రం పైథాన్ 3.11 నుంచి వాల్యూ ఎర్రర్ వస్తుంది. పూర్ణాంకాన్ని దశాంశ స్ట్రింగ్‌గా మార్చేటప్పుడు 4300 అంకెలు దాటకూడదన్న పరిమితి పెట్టారు, ఎందుకంటే ఆ మార్పిడి అంకెలు పెరిగేకొద్దీ బాగా నెమ్మదిస్తుంది, ఎవరైనా కావాలని పెద్ద సంఖ్య పంపి సర్వర్‌ని స్తంభింపజేయొచ్చు. సిస్ మాడ్యూల్‌లో ఈ పరిమితిని మార్చే ఫంక్షన్ ఉంది, మీ సొంత లెక్కలకి మార్చుకోండి, బయటివాళ్ల ఇన్‌పుట్ తీసుకునే ప్రోగ్రామ్‌లో వద్దు.

అంకెలు ఎన్నో తెలిస్తే చాలు అనుకుంటే సంఖ్యని కట్టనక్కర్లేదు. ఘాతాంకాన్ని బేస్ యొక్క 10 ఆధారిత లాగరిథమ్‌తో గుణించి, దశాంశ భాగం వదిలేసి 1 కలపండి. 2 ** 1000కి 1000 గుణకారం 0.30103, అంటే 301.03, కాబట్టి 302 అంకెలు. ఇదే పద్ధతిలో 9 ** 9 ** 9కి 369693100 అంకెలు వస్తాయి. అందుకే యూజర్ టైప్ చేసిన ఏ సూత్రాన్నైనా నేరుగా లెక్కించే కాలిక్యులేటర్ రాస్తున్నవాళ్లు జాగ్రత్త పడాలి, ఆ ఏడు అక్షరాలతో మీ ప్రోగ్రామ్‌ని ఎవరైనా చాలాసేపు ఆపేయగలరు. ఘాతాంకానికి పై హద్దు పెట్టడం తప్పనిసరి.

10. నమ్‌పైలో నియమాలు మారతాయి

నమ్‌పై (సంఖ్యల పట్టికలతో లెక్కలకి వాడే పైథాన్ లైబ్రరీ) ఎరేలకి, అంటే పట్టికలకి, ** పెడితే ప్రతి అంశానికీ విడిగా ఘాతం వస్తుంది, లూప్ అక్కర్లేదు. కానీ అక్కడి పూర్ణాంకాలు పైథాన్ పూర్ణాంకాలు కావు, 64 బిట్లకే పరిమితం. 2ని 64 బిట్ల ఎరేలో పెట్టి 63వ ఘాతానికి పెంచితే -9223372036854775808 వస్తుంది, హెచ్చరిక కూడా ఉండదు. విండోస్‌లో నమ్‌పై 2.0కి ముందు డీఫాల్ట్ 32 బిట్లే, కాబట్టి పాత వెర్షన్‌లో 10వ ఘాతం దగ్గరే 10 బోల్తా పడేది. పూర్ణాంకాల ఎరేకి రుణ పూర్ణాంక ఘాతం ఇస్తే ఎర్రర్ వస్తుంది, ముందు ఫ్లోట్‌గా మార్చుకోవాలి.

11. వేరే భాషల్లోకి మారేటప్పుడు

జావాస్క్రిప్ట్‌లో ** 2016 నుంచి ఉంది, కానీ మామూలు సంఖ్యలన్నీ ఫ్లోట్లే. అక్కడ 3 ** 40 కొడితే 12157665459056929000 కనిపిస్తుంది, ఖచ్చితంగా కావాలంటే పెద్ద పూర్ణాంకాలకి ఉన్న బిగ్ఇంట్ రకం వాడాలి. -3 ** 2 అని రాస్తే అక్కడ ఏకంగా సింటాక్స్ ఎర్రర్, బ్రాకెట్ ఎక్కడో మీరే తేల్చి చెప్పాలి. నాకైతే ఈ కఠినత్వం నచ్చుతుంది. ఎక్సెల్‌లో ^ నిజంగా ఘాతమే, కానీ =-3^2 అంటే 9, =2^3^2 అంటే 64, రెండూ పైథాన్‌కి విరుద్ధం. స్ప్రెడ్‌షీట్‌లోని ఫార్ములాని కోడ్‌లోకి మార్చేవాళ్లు ఈ రెండు వరసలూ ముందే సరిచూసుకోవాలి.

డేటాబేసుల్లో కూడా ఇదే తంతు, పోస్ట్‌గ్రెస్‌లో ^ అంటే ఘాతం, మైఎస్‌క్యూఎల్‌లో ఎక్స్ఓఆర్. పవర్ అనే ఫంక్షన్ రెండిట్లోనూ ఉంది, అదే వాడితే గొడవ ఉండదు. సీ, జావాల్లో ఘాతానికి ఆపరేటర్ లేదు, వాటి పౌ ఫంక్షన్లు డబుల్ రకం (పైథాన్ ఫ్లోట్ లాంటిదే) ఇస్తాయి, పూర్ణాంకాలు కావాలంటే 7వ విభాగంలోని లూప్‌ని రాసుకోవడమే మేలు, అయితే ప్రతి గుణకారం 64 బిట్లు దాటుతుందేమో చూసుకోవాలి. జూలియాలో ^ ఘాతమే, కానీ పూర్ణాంకాలు 64 బిట్లే కాబట్టి 2^64 అంటే సున్నా వస్తుంది. రస్ట్‌లో పౌతో పాటు చెక్డ్ పౌ అని ఇంకో మెథడ్ ఉంది, జవాబు పట్టకపోతే తప్పు సంఖ్య ఇవ్వకుండా విలువ లేదని చెబుతుంది. ఇన్‌పుట్ ఎంత పెద్దదో ముందే తెలియని చోట అక్కడ అదే వాడండి.